మీ అమ్మాయికి మొదటి రైఫిల్: బలం తర్వాత, ముందు కొలత

బావూ, మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ముందు చెప్తాను. మీది పాతపట్నం వైపు పల్లె. గుంటకి పదమూడేళ్లు, స్కూల్లో ఎన్‌సీసీలో చేరింది. క్యాంపులో పాయింట్ టూటూ రైఫిల్‌తో పడుకుని కాల్పించారు, గ్రూపింగ్, అంటే గుళ్లన్నీ దగ్గరదగ్గరగా పడటం, బాగా వచ్చిందని మెచ్చుకున్నారు. టెక్సాస్‌లో ఉన్న మీ బావగారు వాళ్లమ్మాయికి వేట రైఫిల్ కొన్న ఫోటోలు పంపారు. అవి చూసినప్పట్నుంచి మీ అమ్మాయి కూడా తనకో రైఫిల్ కావాలంటోంది. చనిపోయిన మీ నాన్నగారు ఒకప్పుడు చేలో పడే పందుల్ని కొట్టేవారు, ఆయన లైసెన్సు తుపాకీ ఇంకా అటకమీదే ఉంది. షాపువాడేమో పాయింట్ టూటూ ఎయిర్‌గన్ చూపించి, "బలంగా కొడుతుంది, లైసెన్సు అక్కర్లేదు" అన్నాడు. ఏది కొనమంటారు అని మీ ప్రశ్న.

నేను సర్వీసంతా ఆయుధాల మధ్యే గడిపాను. రిటైరయ్యాక విజయనగరంలో పిల్లలకి ఎయిర్ రైఫిల్ నేర్పుతున్నాను. కూతురు రైఫిల్ అడిగితే "ఆడపిల్లకెందుకు" అనకుండా "ఏది కొనాలి" అని అడిగారు చూడండి, అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. మన దేశంలో సరదా వేట అనేది లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ కలిసి దాన్ని మూసేశాయి. విజయనగరం రాజకుమారుడు విజ్జీ పులుల వేటకి పేరు మోసినవాడే, కానీ ఆ కాలం వేరు. పంట పాడుచేసే జంతువు విషయంలో కూడా అనుమతి ఇవ్వాల్సింది అటవీశాఖ అధికారులు. మన చేలో పడింది కదా అని మనం కొట్టడానికి లేదు. ఎయిర్‌గన్‌తో కొంగనో అడవి పావురాన్నో కొట్టినా అది వేట కిందకే వస్తుంది. నెమలి, ఉద్దానంలో తిరిగే ఎలుగులు మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వాటిని చంపితే మూడేళ్లకి తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు. ఈ మాట మీ అమ్మాయికి రైఫిల్ చేతికిచ్చే ముందే, భయపెట్టకుండా, స్పష్టంగా చెప్పండి. తేలినీలాపురం వచ్చే గూడబాతుల్ని ఒకసారి దగ్గరుండి చూపించండి, ఇంకా బాగా అర్థమవుతుంది.

నాన్నగారి తుపాకీ విషయం ఆలస్యం చెయ్యొద్దు. లైసెన్సు ఆయన పేరున ఉన్నది. ఆయన పోయాక అది ఇంట్లో ఉండటమే నేరం. అటకమీద ఉన్నా, తుప్పుపట్టినా, మందు లేకపోయినా అంతే. దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. వారసులుగా మీ పేరు మీదకి కావాలంటే ఆ తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు. బావగారు "వచ్చేటప్పుడు తెస్తాను" అన్నారని కూడా రాశారు. వద్దని ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. దిగుమతి అనుమతి లేకుండా సామానులో ఆయుధం పెట్టుకొస్తే విమానాశ్రయంలోనే కేసు.

షాపువాడి మాట కూడా తప్పు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేకుండా ఉండాలంటే రెండు షరతులు. గొట్టం లోపలి వెడల్పు పాయింట్ వన్ సెవెన్ సెవెన్ అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు, గుండు బయటికొచ్చే శక్తి 20 జౌళ్లు దాటకూడదు. పాయింట్ టూటూ ఎయిర్‌గన్ అంటే 5.5 మిల్లీమీటర్లు, లైసెన్సు కావాల్సిందే. సొంతానికి మందుగుండు తుపాకీ ఉంచుకునే లైసెన్సు మామూలుగా ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాళ్లకి ఇవ్వరు. కాబట్టి మీ అమ్మాయికి దారి ఒకటే, 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్. కొనేటప్పుడు మీ గుర్తింపు కార్డు, చిరునామా కాగితాలు ఇచ్చి బిల్లు తీసుకోండి. ఆ బిల్లు నకలు రైఫిల్ సంచీలోనే ఉంచండి. బస్సులో పట్టుకెళ్లేటప్పుడు ఎవరైనా ఆపి అడిగితే పనికొస్తుంది.

ఇది చిన్నపిల్లల ఆటవస్తువు అనుకుని నిరాశపడకండి. ఒలింపిక్స్‌లో ఆడేది ఇదే. మన ఆమదాలవలస మల్లీశ్వరి బరువులెత్తడంలో కాంస్యం తెచ్చిన 2000 సిడ్నీలోనే అంజలీ భాగవత్ మహిళల ఎయిర్ రైఫిల్ ఫైనల్‌కి చేరింది. అభినవ్ బింద్రా 2008లో బంగారం తెచ్చింది, హైదరాబాదు గగన్ నారంగ్ 2012లో కాంస్యం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్లోనే. నడవలేని అవనీ లేఖరా టోక్యోలో, ప్యారిస్‌లో పారాలింపిక్ స్వర్ణాలు తెచ్చిందీ దీంతోనే. పది మీటర్ల దూరంలో పది పాయింట్ల గురి అరమిల్లీమీటరు చుక్క. అరవై గుళ్లు గంటా పావులో, నిలబడి, ఏ ఆసరా లేకుండా కాల్చాలి. 2018 దాకా ఆడవాళ్లకి నలభై గుళ్లే ఉండేవి, అప్పట్నుంచి మగవాళ్లతో సమానం చేశారు.

ఇప్పుడు అసలు విషయం. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది మొదట అడిగేది "ఎంత స్పీడు" అని. డబ్బామీద సెకనుకి వెయ్యి అడుగులు అని రాసి ఉంటే సంతోషపడతారు. ఒలింపిక్స్ స్థాయి ఎయిర్ రైఫిల్ గుండు వేగం సెకనుకి 170 మీటర్ల చుట్టుపక్కల, శక్తి ఏడున్నర జౌళ్లు. చట్టం ఇచ్చిన 20 జౌళ్లలో సగం కూడా లేదు. కాగితం మీద రంధ్రం పడటానికి అది చాలు. బలమైన స్ప్రింగు పెట్టిన రైఫిల్ పిల్లకి ఇబ్బందులే తెస్తుంది. కాక్ చెయ్యడానికి, అంటే లోపలి స్ప్రింగు బిగించడానికి, గొట్టం వంచేటప్పుడు బలం చాలదు. కాల్చాక లోపలి పిస్టన్ ముందుకి వెళ్లి కొట్టడంతో రైఫిల్ వెనక్కీ ముందుకీ రెండుసార్లు కదులుతుంది, ఆ అలజడిలో తప్పు తనదో రైఫిల్‌దో పిల్లకి తెలియదు.

చూడాల్సింది కొలత. బట్, అంటే రైఫిల్ వెనక భుజానికి ఆనే భాగం, దాని చివర్నుంచి ట్రిగ్గర్ దాకా ఉండే పొడవు అన్నిటికన్నా ముఖ్యం. పెద్దవాళ్లకి చేసే రైఫిళ్లలో ఇది పదమూడున్నర అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. పదమూడేళ్ల పిల్లకి చాలామటుకు పదకొండున్నర నుంచి పన్నెండున్నర లోపు సరిపోతుంది. ఇంట్లోనే కొలవచ్చు. ట్రిగ్గర్ చేతి మోచేతిని లంబంగా మడవమనండి. మోచేతి మడత లోపలి నుంచి చూపుడువేలు మొదటి గణుపు మెత్తటి భాగం దాకా టేపు పెట్టండి. ఆ అంకె రాసుకుని షాపుకి వెళ్లండి. షాపువాడు "ఎదిగే పిల్లే కదా" అంటాడు. స్కూల్ యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించినట్టు రైఫిల్ పెద్దది కొనకూడదు.

ఎందుకో చెప్తాను. కొంతకాలం కిందట ఒకమ్మాయి పెద్దవాళ్ల రైఫిల్‌తో వచ్చింది, వాళ్ల మావయ్య కొనిపెట్టాడట. నిలబడి ఎత్తగానే బట్ భుజం గుంటలో కూర్చోకుండా చంక పక్కకి జారింది. ట్రిగ్గర్ అందడానికి కుడి భుజం ముందుకి తోసింది. చెంప ఆనించడానికి మెడ సాచి గడ్డం పైకెత్తింది. ముందు బరువు లాగుతుంటే నడుం వెనక్కి విరిచింది. మడమలు చూస్తే ఎడమ మడమ నేలకి ఆనలేదు. గుళ్లు ఎడమ కిందకి పోతున్నాయి, వాళ్ల నాన్నేమో "సరిగ్గా గురి పెట్టు" అంటున్నాడు. గురిలో ఏ లోపమూ లేదు. రేంజిలో ఉన్న పొట్టి స్టాక్ (గొట్టాన్ని పట్టి ఉంచే, భుజానికి ఆనే పిడి) రైఫిల్ ఇచ్చి, పొడవు తగ్గేలా బట్ దగ్గర ఒక స్పేసరు బిళ్ల తీసి, చెంప ఆనించే చీక్‌పీస్ కొంచెం ఎత్తాక, అదే పిల్ల, అదే రోజు, నల్లచుక్క దాటి బయటికి పోలేదు. ఆ ముఖంలో వచ్చిన తేటదనం కోసమే నేను ఈ పని చేస్తున్నాను.

పొడవు సరిపోయిందో లేదో చూడటానికి ఇంకో పరీక్ష ఉంది. ఖాళీ రైఫిల్, గోడవైపు తిప్పి, కళ్లు మూసుకుని భుజానికెత్తమనండి. చెంప హాయిగా ఆనాక కళ్లు తెరవమనండి. సైట్ దానంతటదే కంటి ఎదురుగా ఉండాలి. మెడ జరపాల్సి వస్తే చీక్‌పీస్ ఎత్తు తేడా ఉన్నట్టు. బొటనవేలు ముక్కుకి తగులుతుంటే పొడవు చాలనట్టు. అందుకే బట్, చీక్‌పీస్ రెండూ జరుపుకునే వీలున్న స్టాక్ దొరికితే, అది నాలుగు రూపాయలు ఎక్కువైనా దానికే డబ్బు పెట్టండి. రెండేళ్లలో ఆమె ఇంకా పొడుగు పెరగొచ్చు, రైఫిల్ కూడా దాంతోపాటు సాగాలి.

బరువు గురించి. పోటీ రైఫిల్‌కి గరిష్ఠంగా ఐదున్నర కిలోలు అనుమతి, పెద్దవాళ్లు వాడేవి చాలామటుకు నాలుగు నుంచి ఐదు కిలోలు ఉంటాయి. నలభై కిలోల పిల్ల ఐదు కిలోలు పట్టుకుని అరవై గుళ్లు కాలిస్తే నడుం నొప్పి తప్పదు. మూడు, మూడున్నర కిలోల జూనియర్ సైజు చూడండి. మరీ తేలికది కూడా వద్దు, చెయ్యి వణుకు అంతా గొట్టం చివర కనిపిస్తుంది. బరువు ఎంత ఉందన్నదాని కన్నా ఎక్కడ ఉందన్నది పెద్ద విషయం. ముందు చెయ్యి మీద భారం పడకుండా, ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆని, బరువు ఎముకల మీదుగా కాళ్లలోకి దిగాలి. ఈ విషయంలో ఆడపిల్లల శరీరం వాళ్లకే కలిసొస్తుంది, తుంటి మీద మోచెయ్యి తేలిగ్గా కూర్చుంటుంది.

ఇక స్ప్రింగు బలంతో కాల్చేదా, ముందే గాలి నింపిపెట్టిన సిలిండర్‌దా. స్ప్రింగు రైఫిల్ చవక, ప్రెసిహోల్ లాంటి మన దేశపు కంపెనీలవి దొరుకుతాయి, ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు, గాలి నింపే బెడద లేదు. కానీ పైన చెప్పినట్టు వంచడానికి బలం కావాలి. వంచిన గొట్టాన్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకునే గుండు పెట్టాలి. వదిలేస్తే గొట్టం తిరిగి కొట్టి వేళ్లు నలుగుతాయి. మొదటి వారం ఈ ఒక్క అలవాటు దగ్గర మీరు పక్కనే నిలబడండి. గుండు లేకుండా స్ప్రింగు రైఫిల్ కాల్చకూడదు, పిస్టన్ సీలు పోతుంది.

సిలిండర్ రైఫిల్ ఇంచుమించు కదలదు, పిల్ల చేసిన తప్పే కాగితం మీద కనిపిస్తుంది. నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. గుండు లేకుండా ట్రిగ్గర్ సాధన చేసే ఏర్పాటు కూడా పోటీ రైఫిళ్లలో ఉంటుంది. ఫీన్‌వెర్క్‌బౌ, వాల్తర్, అన్‌షుట్జ్ లాంటి జర్మన్ కంపెనీలవి లక్షల్లోకి వెళ్తాయి, అది మొదటి రైఫిల్‌గా మీకు అక్కర్లేదు. రేంజిలో ఎదిగిపోయిన పిల్లలవి పాతవి దొరుకుతుంటాయి, వాటిని చూడండి. కొనేముందు సిలిండర్ మీద చెక్కి ఉన్న తయారీ తేదీ తప్పక చదవండి. పోటీల్లో పదేళ్లు దాటిన సిలిండర్‌ని ఒప్పుకోరు. నింపేది 200 బార్ ఒత్తిడికి. ఆ సౌకర్యం మీ పక్కన లేకపోతే చేతిపంపు కొట్టాలి, అది మీ పని అవుతుంది, గుంటది కాదు. మన తీరం గాలిలో తేమ ఎక్కువ, పంపుకి తేమ పీల్చే ఫిల్టరు ఉండేది తీసుకోండి. స్ప్రింగుదైనా సిలిండర్‌దైనా వాడాక ఇనుప భాగాలకి నూనెగుడ్డ పెట్టకపోతే వానాకాలం దాటేసరికి ఎర్రటి మచ్చలు వస్తాయి.

మీకు నా సలహా, రేంజి దగ్గర్లో ఉండి వారానికి రెండుసార్లు తీసుకెళ్లగలిగితే ఇప్పుడే ఏమీ కొనకండి. మూడు నెలలు రేంజి రైఫిల్‌తోనే కాల్చనివ్వండి. పాతపట్నం నుంచి అది కుదరదంటే తక్కువ బలం స్ప్రింగు, పొట్టి స్టాక్, మూడు కిలోల చుట్టుపక్కల బరువున్నది ఒకటి తీసుకోండి. సెలవుల్లో విశాఖ గానీ విజయనగరం గానీ పంపి సిలిండర్ రైఫిల్ పట్టించండి. టెలిస్కోపు మాత్రం వద్దు. షాపుల్లో కలిపి అంటగడతారు. పది మీటర్ల పోటీకి దానికి చోటే లేదు. ముందు రింగు, వెనక చిన్న కన్నం ఉండే పీప్ సైట్ పెట్టించండి. రింగు మధ్యలో నల్లచుక్క, చుట్టూ సమానంగా తెల్లటి అంచు. చూడాల్సింది అంతే.

కొనేముందు ఏ కన్ను ఎక్కువ పనిచేస్తుందో చూడండి. చేతులు చాచి రెండు అరచేతుల మధ్య చిన్న కన్నం చేసి, అందులోంచి దూరంగా ఉన్న కొబ్బరిచెట్టు మొవ్వు చూడమనండి. ఒక్కో కన్నూ మూయించండి. మొవ్వు ఏ కంటికి కన్నంలో నిలిస్తే అది ప్రధానమైన కన్ను. కుడిచేతివాటం ఉండి ఎడమ కన్ను బలమైతే ముందే తెలియాలి, స్టాక్ కుడివాటందా ఎడమవాటందా అన్నది దాన్నిబట్టి తేల్చాలి. రెండో కన్ను గట్టిగా మూసుకోవడం అలవాటు చెయ్యొద్దు, ముఖమంతా బిగుసుకుంటుంది. చిన్న తెల్ల కాగితం ముక్క ఆ కంటి ముందు అడ్డుపెడితే చాలు.

గుళ్లు ముక్కు చదునుగా ఉన్నవి కొనండి. కాగితంలో గుండ్రంగా తెగుతుంది, స్కోరు లెక్కపెట్టడానికి తేలిక. అవి సీసం. కాల్చేటప్పుడు తినడం, నోట్లో గుండు పెట్టుకోవడం వద్దు. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇంటి దగ్గర సాధనకి ఒకే దారి ఉన్న చోటు చూడండి. ఎదురుగా గోడ, వెనక ఎవరూ నడవని వైపు, గుళ్లు ఆపే ఇనుప పెట్టె. కళ్లంలో కోళ్లు, పక్కింటి పిల్లలు తిరుగుతుంటే ఆ రోజు సాధన లేదు. గొట్టం ఎప్పుడూ గురి వైపే. గురి దగ్గరికి నడిచేముందు రైఫిల్ ఖాళీ చేసి, గొట్టంలోంచి రంగు తాడు దూర్చి కింద పెట్టాలి. పోటీల్లోనూ ఇదే నియమం, అందరికీ కనిపించేలా తాడు ఉండాల్సిందే. ఇంట్లో రైఫిల్ ఒక చోట తాళంలో, గుళ్లు ఇంకో చోట. తాళం మీ దగ్గర, ఇంటికి ఎవరొచ్చినా తీసి చూపించే వస్తువు కాదు.

టెక్సాస్ సంగతి కూడా అడిగారు కాబట్టి చెప్తాను, అమ్మాయికి ఆసక్తిగా ఉంటుంది. అక్కడ చిన్నపిల్లల మొదటి జింకల రైఫిల్‌గా పాయింట్ టూ ఫార్టీ త్రీ వించెస్టర్‌నే ఎక్కువమంది చెప్తారు. కారణం తన్ను, అంటే కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి వచ్చి భుజాన్ని కొట్టే దెబ్బ. పెద్దవాళ్లు వాడే థర్టీ నాట్ సిక్స్‌తో పోలిస్తే అది ఇంచుమించు సగమే తంతుంది. భుజానికి దెబ్బ తగిలిన పిల్ల రెండో గుండుకే కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగుతుంది, ఆ భయం పోవడానికి ఏళ్లు పడుతుంది. స్టాక్ కూడా వాళ్లు పన్నెండు, పన్నెండున్నర అంగుళాలదే ఏరుకుంటారు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు అక్కడ వేటకి వెళ్లాలంటే వేట శిక్షణ తప్పనిసరి. బావగారమ్మాయి ఫోటో వెనక కూడా ఈ కొలతలు, ఈ శిక్షణే ఉంటాయి. ఆమె చేతిలో ఉన్న రైఫిల్ మీ అమ్మాయికి రాదు గానీ, నిలబడే తీరు, ఊపిరి నిలిపే తీరు, ట్రిగ్గర్ వెనక్కి ఒత్తే తీరు ఇద్దరికీ ఒకటే. వీడియో కాల్లో మాట్లాడుకోనివ్వండి.

జాకెట్టు, చేతొడుగు, బూట్లు ఇప్పుడే కొనకండి. మందపాటి కాన్వాస్ జాకెట్టు మన ఏప్రిల్ ఉక్కలో పిల్లని విసిగిస్తుంది, పోటీల్లో ఆడే దశకి వచ్చాక ఒంటి కొలతకి కుట్టించాలి. చదువు పోతుందని మీ ఇంట్లో ఆవిడ భయపడుతున్నారని రాశారు. రోజూ ముప్పావుగంట చాలు. అందులో సగం గుండు లేకుండా తెల్లగోడ వైపు రైఫిల్ ఎత్తి పట్టుకునే సాధనే. స్ప్రింగుదైతే అప్పుడు కాక్ చెయ్యకండి, ఊరికే ఎత్తి పట్టుకుని సైట్ నిలపడమే సాధన. ఎత్తాక ఎనిమిది సెకన్లలో గుండు పోకపోతే దించేసి ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తాలి. దించడం ఓటమి కాదని మొదట్నుంచీ చెప్పండి. ఈ ఒక్క మాట వినిపించుకున్న పిల్లలు త్వరగా ఎదుగుతారు.

ఆమె ఎత్తు, బరువు, మోచేతి మడత నుంచి వేలి దాకా కొలత, ఏ కన్ను, మీరు పెట్టగలిగిన డబ్బు, ఈ ఐదూ రాయండి. షాపువాడు చూపించే రైఫిల్ ట్రిగ్గర్ దగ్గర్నుంచి బట్ దాకా టేపు పెట్టిన ఫోటో కూడా పంపితే, అది తీసుకోవాలో వద్దో చెప్తాను.